మంచం పక్కనున్న మనిషిని అడగాలంటే: నల్లగొండ పల్లెల్లో నా అనుభవం

మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లతో మాట్లాడాలంటే పొద్దున పదకొండు దాటాకే వెళ్లాలి. అంతకుముందు పోతే ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, తినిపించడం నడుస్తుంటాయి. చాయ్ ఇస్తారు గానీ జవాబులు రావు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పదకొండుకు కూడా ఎవరూ దొరకరు. పక్కన చెంబెడు నీళ్లు పెట్టి, బయట గొళ్లెం వేసి కూలికి పోయిన ఇళ్లు ఉంటాయి. మేం నింపే ఫారంలో దానికి గడి లేదు, కానీ రాసుకోవాల్సిన మొదటి సంగతి అదే.

మర్రిగూడ, చండూరు వైపు, అటు మహబూబ్‌నగర్ పల్లెల్లో ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ల భారం కొలిచే ఇంటర్వ్యూలు చేయడం నా పని. మా చేతిలో ఉండేది జరిట్ ప్రశ్నావళి. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ల కుటుంబాల కోసం 1980లో అమెరికాలో తయారైంది. మొదట 29 ప్రశ్నలుండేవి, ఇప్పుడు వాడేది 22. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు, మొత్తం 88. ఇరవై లోపు వస్తే భారం పెద్దగా లేదని, 61, ఆపైన వస్తే తీవ్రమని లెక్క.

పుస్తకంలో చెప్పినట్టే అడిగితే రాత్రంతా కన్ను మూయని కోడలికి కూడా ఇరవై లోపే వస్తుంది. రాకుండా ఎట్లుంటుంది? అత్త చేతికందే దూరంలో పడుకుని వింటుంది, భర్త గడపలో నిలబడి ఉంటాడు. "ఏం బాధ లేదు సారూ, మా అత్తే గదా" అనే మాట తప్ప ఇంకోటి రాదు. అందుకే ఇద్దరం వెళ్తాం. ఒకరు పెద్దామె దగ్గర కూర్చుని బీపీ చూస్తూ ముచ్చట పెడితే, ఇంకొకరు కోడలిని వాకిట్లోకి, లేదంటే పశువుల కొట్టం దాకా తీసుకెళ్తారు. జరిట్ ప్రశ్నలు చివరికి ఉంచుతాం. ముందు నిన్నటి రోజు అడగాలి: ఎన్నింటికి లేచావు, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వచ్చింది, అన్నం ఎప్పుడు తిన్నావు, ఊరు దాటి ఎన్నాళ్లయింది. "తమ్ముని బిడ్డ పెండ్లికి గూడ పోలే" అనే మాట అక్కడ బయటికొస్తుంది. ఆ తర్వాత అదే మనిషి 22 ప్రశ్నలకు వేరేగా జవాబిస్తుంది.

ఇంకో చిక్కు. 'అరుదుగా', 'అప్పుడప్పుడు', 'తరచుగా' అని చదివితే అందరూ అవును, లేదు అని తేలుస్తారు. నాలుగు చింతగింజలు అరచేతిలో పెట్టి, అసలు లేకపోతే ఒక్కటీ వద్దు, ఎప్పుడూ ఉంటే నాలుగూ కింద పెట్టు అంటే పని సాఫీగా సాగుతుంది. మధ్యలో గింజ ఒకటి పెట్టి, ఆలోచించి, ఇంకోటి జరిపేవాళ్లుంటారు. ఆ ఆగడమే మనకు కావాల్సింది, తొందరపెట్టకూడదు.

మర్రిగూడ వైపు ఈ ఫారమే సరిపోదు. అక్కడ ఫ్లోరోసిస్‌తో వెన్ను, మెడ, మోకాళ్లు బిగుసుకుపోయినవాళ్లను చూసుకోవడం నెలల పని కాదు, దశాబ్దాల పని. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దు ఎంతో దాటిన బోరు నీళ్లే ఇంటిల్లిపాదీ తాగారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినా వంగిన ఎముక తిరిగి చక్కబడదు. భార్యను లేపి కూర్చోబెట్టే భర్త భుజం కూడా సగమే లేస్తుంది. ఇద్దరిలో సంరక్షకుడు ఎవరని ఫారం ఒకే పేరు అడుగుతుంది.

మార్కులు వేసి వచ్చేస్తే ఆ ఇంటికి ఒరిగేదేమీ లేదు. ఏం చేస్తే భారం తగ్గుతుందన్నదాని మీద మన దేశంలోనే మంచి పరిశోధనలున్నాయి. పక్షవాతం వచ్చినవాళ్ల కుటుంబాలకు వ్యాయామాలు, సేవలు నేర్పితే రోగి మెరుగవుతాడా అని 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో 'అటెండ్' అధ్యయనం చేశారు, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్లు కలిపి నేర్పిన, నేర్పని రెండు గుంపుల్లోనూ 47 శాతమే. అలసిన మనిషి నెత్తిన ఇంకో పని పెడితే ఏమొస్తుందని నాకనిపిస్తుంది. గోవాలో మతిమరుపు జబ్బున్నవాళ్ల 81 కుటుంబాలతో చేసి 2008లో ప్రచురించినది వేరు. శిక్షణ ఇచ్చిన స్థానికులే కనీసం పదిహేను రోజులకోసారి ఆరు నెలల పాటు ఇంటికి వెళ్లారు. సంరక్షకుల మానసిక ఆరోగ్యం మెరుగైంది. మళ్లీ వస్తారన్న మనిషి ఉండాలి.

ఇక మంచం. నవారు మంచంలో నడుము భాగం కుంగి ఉంటుంది, పక్కకు తిప్పిన మనిషి మళ్లీ గుంటలోకే దొర్లుతాడు. నవారు మీద ప్లైవుడ్ చెక్క, దాని మీద పరుపు వేయించాలి. ఎత్తు చూసుకునేవాళ్ల నడుము దాకా ఉండాలి, లేకపోతే రోజంతా వంగి వాళ్లకే నడుం నొప్పి పట్టుకుంటుంది. ఇటుకలు పెడితే జారతాయి. కోడు దిగేలా గుంట ఉన్న సిమెంటు దిమ్మెలు పెట్టాలి. రోగి తనంతట తాను లేచే రకమైతే మాత్రం ఎత్తు పెంచొద్దు, పడతాడు. పైకి జరపడానికి చంకల్లో చేతులు వేసి లాగొద్దు. పాత నూలు దుప్పటి మడిచి వీపు నుంచి తొడల దాకా కింద పరిచి, ఇద్దరు రెండు వైపులా పట్టి జరపాలి.

గాలి పరుపు కొన్న ఇళ్లలోనూ పుండ్లు పడతాయి, ఎందుకంటే మురికి కాకుండా దాని మీద బొంత వేస్తారు. ఒక పలుచని దుప్పటి చాలు. పరుపు కింద, తుంటి దగ్గర అరచెయ్యి పెడితే ఎముక తగిలిందంటే గాలి తక్కువ, లేదా పైపు మెలిపడింది. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా తెలియదు. అక్కడ వేడిగా, గట్టిగా ఉందేమో వేలితో చూడాలి. ఉంటే రుద్దొద్దు, రబ్బరు రింగు పెట్టొద్దు, బరువు తీసేయాలి. రెండు గంటలకోసారి తిప్పమంటారు. రాత్రి కూడా అట్లనే చేస్తే చూసేవాళ్లకు నిద్ర ఉండదు. మంచి పరుపుండి, నర్సు చర్మం చూసి సరే అంటే రాత్రిపూట నాలుగు గంటలకోసారి తిప్పినా నడుస్తుంది. ఆ ఒక్క మార్పుతో ముఖంలో తేడా కనిపించిన ఇళ్లు చూశాను.

కాగితాల పని కొంత ఉంటుంది. 40 శాతం వైకల్య ధ్రువపత్రం ఉంటే ఆసరా దివ్యాంగుల పింఛను వస్తుంది, 2023లో దాన్ని 4,016 రూపాయలకు పెంచారు. కదలలేని మనిషిని ఆ పత్రమిచ్చే క్యాంపు దాకా తీసుకెళ్లడమే కష్టం, ఆటోలో వెనక సీటు మీద చెక్క వేసుకోవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో సంరక్షణ భత్యం ప్రస్తావన ఉంది. ఇంటివాళ్లలో దాని పేరు విన్నవాళ్లు నాకు తగల్లేదు.

చూసుకునేవాళ్లలో కుంగుబాటు ఉందేమో చూడడానికి తొమ్మిది ప్రశ్నల ఫారం ఇంకోటి వాడతాం. పది, ఆపైన వస్తే డాక్టరుకు చూపిస్తాం. తొమ్మిదోది చావు ఆలోచనల గురించి. దానికి అవునంటే ఎన్ని మార్కులొచ్చాయని చూడకుండా అక్కడే కూర్చుని, మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు కలిపి మాట్లాడించి, ఇంట్లో నమ్మకమున్న ఒకరికి ఆమె ఒప్పుకోలుతో చెప్పి, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీయించాకే లేవాలి.

చివరగా, చూసుకునే మనిషికి దొరకాల్సిన రెండు గంటల తీరిక సంగతి. ఆమె బయటికి పోతే ఎవరు కూర్చుంటారు? మహిళా సంఘంలో అడిగితే మనుషులు దొరుకుతారు, కానీ దొడ్డికి ఎత్తిపోయడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోవాలని అనుకోవడం కూడా తప్పే. అందుకని కడగడం, తినిపించడం అయ్యాక, తిన్న అరగంట కూర్చోబెట్టి ఉంచాక మొదలయ్యేలా వేళ పెడతాం. మగ రోగికి మగమనిషే కావాలంటారు, అప్పుడు సంఘం ద్వారా కుదరదు, పాలివాళ్లను అడగాల్సిందే. పత్తి కాలంలో రెండు గంటలు చాలవు, పూట కావాలి. ఆ కాలానికి కూలి లెక్కగట్టి ఇస్తేనే ఎవరైనా వస్తారు.