గేలం నోట్లో కాదు, తోకలో ఉంది

పోయిన ఫిబ్రవరిలో మా చెల్లెలికి కాన్పయింది. బాలింతకి సొరచేప పిట్టు పెడితే పాలు బాగా పడతాయని అమ్మ నమ్మకం, అందుకని తెల్లారకముందే పాలసొర తెమ్మని నన్ను నెల్లూరు దగ్గరున్న మైపాడు పంపింది.

ఒడ్డున చిన్న సొరల కుప్ప పక్కన నేనెప్పుడూ చూడనిదొకటి పడుంది. ఒళ్లెంత పొడవో తోకా అంతే పొడవు, కొడవలిలా వంగి ఇసుకలో దిగబడి ఉంది. కళ్లు తాటిముంజలంత. ఇంటికొచ్చి ఫోటోలు పోల్చుకుంటే తెలిసింది, పెద్దకళ్ల థ్రెషర్ షార్క్ అని. గేలం మాత్రం దాని నోట్లో లేదు, తోకలో దిగి ఉంది. ఇదేంటన్నా అంటే, "ఇది తోకతో కొట్టి తింటాది అబ్బయా, ఎరనీ అట్నే కొట్టుంటాది" అన్నాడు పడవ అన్న.

ఆయన చెప్పింది నిజమే. ఫిలిప్పీన్స్‌లో పెస్కడార్ దీవి దగ్గర దీని దాయాది రకాన్ని నీళ్లలో వీడియో తీసి, 2013లో ఆ పరిశోధన ప్రచురించారు. మన కవళ్ల లాంటి చేపల గుంపు మీదికి వేగంగా దూసుకొచ్చి, ముట్టె కిందికి దించి, వడిసెల విసిరినట్టు తోకని తల మీదుగా విసురుతుంది, ఆ దెబ్బకి ఒకేసారి నాలుగైదు చేపలు కూడా స్పృహ తప్పుతాయి. ఆ తోకకే గేలం పడితే? ముందుకి ఈదుతుంటేనే మొప్పల్లోకి నీళ్లు వెళ్లే చేప ఇది, వెనక్కి లాగితే ఊపిరాడక చచ్చిపోతుంది.

పగలు 300 నుంచి 500 మీటర్ల లోతులో ఉండి రాత్రికి పైకొస్తుంది. గేలాల తాళ్లు ఉండేదీ ఆ దారిలోనే.

కోస్తే కడుపులో రెండు పిల్లలు. ఒక్కోటి నా నడుం దాకా ఉంటుంది, తోకలు ఒంటికి చుట్టుకుని. మామూలుగా కాన్పుకి ఇవి కనేది రెండే, ఆడది ఈడుకి రావడానికే పన్నెండేళ్లకు పైగా పడుతుంది. బాలింత కోసం వెళ్లి ఇది చూశానని చాలాసేపు మనసు కుదుటపడలేదు.

థ్రెషర్లని పడవలో ఉంచుకోకూడదని హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ 2010లోనే అంది. 2016లో సైటీస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలోకీ ఎక్కాయి. మన దేశం 2015లో సొర రెక్కల ఎగుమతి ఆపేసింది. అన్నీ మంచివే, కానీ తాడు లాగేసరికే చచ్చిపోయిన చేపకి అవేం చేస్తాయి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపితే చిన్న చేపలు తేరుకుంటాయి, పన్నెండేళ్లకి ఎదిగే దీనికి ఆ 61 రోజులు ఏ మూలకి?

వేటకెళ్లేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్కటే అడుగుతున్నా: పొడుగు తోక సొర బతికుండగా పడితే తోక పట్టి పైకి లాగొద్దు, నీళ్లలోనే, గేలానికి వీలైనంత దగ్గరగా తాడు కోసెయ్యండి.