చలికి లేవని పాత బుల్లెట్

ఇంజిన్ లెక్కలో బెంగళూరు చలి అసలు చలే కాదు. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలకు అటూ ఇటూ. ఊరి రికార్డే 1884 జనవరి నాటి 7.8 డిగ్రీలు. అన్నీ సరిగ్గా ఉన్న పాయింట్ల బుల్లెట్ (తెరుచుకుని మూసుకునే కాంటాక్ట్ పాయింట్లతో ప్లగ్గుకి కరెంటు అందే పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి) ఈ మాత్రం చలికి రెండు మూడు కిక్కుల్లో లేవాలి. కాలు నొప్పి పుట్టేదాకా కొట్టాల్సి వస్తే, ఎండాకాలంలో కనపడకుండా నెట్టుకొచ్చిన లోపమేదో ఇప్పుడు బయటపడిందన్నమాట.

ముందు చోక్ సంగతి. బుల్లెట్ కార్బ్యురేటర్ మిక్‌కార్బ్ వీఎం 24లో మనం చోక్ అనేది గాలిని మూసే రేకు కాదు, అదనంగా పెట్రోలు అందించే విడి దారి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి ఉంటేనే ఇంజిన్ ఆ దారిలోంచి పెట్రోలు లాగగలదు. చోక్ వేసి, యాక్సిలరేటర్ తిప్పుతూ కిక్ కొట్టారంటే చోక్ వేయనట్టే. సగం బళ్ల జబ్బు ఇదే.

రాత్రంతా చల్లబడ్డ క్లచ్ ప్లేట్లు అంటుకుని ఉంటాయి. క్లచ్ నొక్కిపట్టి కిక్కర్‌ని నాలుగైదుసార్లు తొక్కితే విడిపోతాయి. తర్వాత పెట్రోల్ ట్యాప్ తెరిచి, చోక్ వేసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, డీకంప్రెసర్ (సిలిండర్ ఒత్తిడిని వదిలేసే మీట) పట్టుకుని మూడు కిక్కులు. ఇది లోపలికి పెట్రోలు తీసుకోవడానికే. ఇప్పుడు తాళం ఆన్ చేసి, డీకంప్రెసర్ వదిలి, కిక్కర్‌ని మెల్లగా దించండి. కాలికి గట్టిగా అడ్డం తగిలే చోట, మైనస్ వైపున్న ఆమ్మీటర్ (బ్యాటరీ కరెంటు చూపే మీటరు) ముల్లు మధ్యకి వస్తుంది. అంటే పాయింట్లు తెరుచుకున్నాయి. అక్కడ డీకంప్రెసర్ నొక్కి ఒక్క పిసరు దాటించి, వదిలేసి, కిక్కర్‌ని పైకి రానిచ్చి, చివరిదాకా ఒకే తొక్కు. ముల్లు మైనస్‌లో ఉండగా తాళం అలాగే వదిలేసి టీకి వెళ్లకండి, ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్గుకి వోల్టేజీ పెంచి పంపేది) వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

అప్పటికీ లేవకపోతే ప్లగ్గు విప్పి హెడ్డుకి (సిలిండర్ పై మూతకి) ఆనించి కరెంటు, అంటే నిప్పురవ్వ, చూడండి. చిటుక్కుమంటూ నీలంగా రావాలి. సన్నగా, ఎర్రగా వస్తే ముందు బ్యాటరీ కొలవండి, ఎందుకంటే పాయింట్ల బుల్లెట్‌కి కరెంటు దాన్నుంచే వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ ఆగి ఉన్నప్పుడు 12.6 చూపాలి, 12.2 అంటే సగం ఖాళీ. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గుది 0.5 దగ్గర. ఫీలర్ గేజ్‌తోనే (సందులు కొలిచే పలచటి రేకులతోనే) కొలవాలి, బ్లేడు ముక్క లెక్క పనికిరాదు. పాయింట్లు శుభ్రం చేసిన కొన్నాళ్లకే మళ్లీ మాడి గుంటలు పడుతుంటే కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వని అణిచే చిన్న భాగం) మార్చండి.

కరెంటు బాగుండీ ప్లగ్గు పొడిగా ఉంటే కార్బ్యురేటర్‌లో పైలట్ జెట్ (యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు అందించే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలు తేమని పీల్చుకుంటుంది, పైగా ఇథనాల్ ఆవిరి కావడానికి వేడి ఎక్కువ కావాలి. వారాల తరబడి కదలని బండికి ఫ్లోట్ గిన్నె (కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నె) ఖాళీ చేసి కొత్త పెట్రోలు పట్టించాలి. జెట్‌లో ఉక్కు తీగ పెట్టకండి, రంధ్రం పెద్దదవుతుంది. కార్బ్ క్లీనర్ కొట్టి, వెలుతురుకి ఎత్తి చూస్తే చుక్కంత గుండ్రటి కాంతి కనపడాలి. ఎయిర్ స్క్రూ (గాలి పాళ్లు సరిచేసే మర) సుమారు ఒకటిన్నర చుట్లు బయటికి ఉంటుంది. చలికాలానికి పావు చుట్టు లోపలికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది.

కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) పలచగా అనిపిస్తే పుష్‌రాడ్‌లు (వాల్వులు తెరిపించే కడ్డీలు) చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ పై కొసన ఉంచి, వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. బిగుసుకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు.

యమహా ఆర్ఎక్స్ 100 బండి ఇగ్నిషన్‌కి బ్యాటరీ గొడవ లేదు. దాని రోగం వేరు: ట్యాప్ తెరిచి పడుకుంటే, అరిగిన ఫ్లోట్ నీడిల్ (గిన్నె నిండాక పెట్రోలు ఆపే సూది) దాటి పెట్రోలు క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు పెట్టెలోకి) చేరుతుంది. ట్యాప్ కట్టేసి, ప్లగ్గు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి పది కిక్కులు కొడితే అంతా బయటికి కక్కేస్తుంది. ఆ నీడిల్‌తోపాటు గట్టిపడ్డ పెట్రోల్ పైపు కూడా మార్చాలి. రెండూ బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ల దుకాణాల్లో అడగండి. నీడిల్ కొనేటప్పుడు పాతది జేబులో వేసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోండి.