మూడు టిక్కీల తాలు

గుంటూరు మిర్చి యార్డులో నాన్నది కమీషన్ దుకాణం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఊపిరి సలపదు. సాయంత్రం కాటాలయ్యాక గుమస్తా గారు చీటీలు ముందేసుకుని కూర్చుంటే రైతులందరికీ లెక్క చెప్పేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఆ భారం కొంతైనా తగ్గిద్దామని మొన్న సీజన్‌లో ఏఐ ఏజెంట్లతో, అంటే అప్పజెప్పిన పనిని తామే చేసుకుపోయే ప్రోగ్రాములతో, ఒక ఏర్పాటు చేశాను.

ఒక ఏజెంట్ చీటీ ఫోటో చూసి చేతిరాత చదువుతుంది. ఇంకొకటి బరువు, ధర, కోతలు చూసి లెక్క కడుతుంది. మరొకటి రైతుకు మెసేజ్ రాస్తుంది. వీటికి పని పంచే పెద్ద ఏజెంట్ ఒకటి.

మొదటి వారమే దెబ్బతిన్నాం. ఒక రైతువి 42 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు: 39 తేజ రకం, 3 తాలు (నాసిరకం కాయ). గుమస్తా గారు తాలును ఎప్పుడూ 'తా' అని రాసి కింద గీత గీస్తారు. చదివే ఏజెంట్ దాన్ని సరిగ్గానే పట్టుకుంది. పెద్ద ఏజెంట్ మాత్రం పని అప్పజెబుతూ "తేజ, 42 టిక్కీలు" అని కుదించేసింది. లెక్కల ఏజెంట్ విన్నది విన్నట్టు కట్టింది. ఆ రోజు తేజ క్వింటా 14,000, తాలు 7,000. టిక్కీకి 40 కిలోల చొప్పున మూడు టిక్కీలకు 8,400 రూపాయలు ఎక్కువ తేలింది. మెసేజ్ పోకముందే నాన్న చూశాడు.

"ఇంత వస్తుందని చెప్పి రేపు తగ్గించి చేతిలో పెడితే, ఆయన మళ్లీ మన గడప తొక్కుతాడా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఏజెంట్లు చేసిన పనుల చిట్టా (లాగ్) తీసి మొదటినుంచీ చదివాను. చదవడంలో తప్పు లేదు, గుణకారంలో తప్పు లేదు. చేతులు మారేచోట సరుకు జారిపోయింది. పదేళ్లు యార్డులో తిరిగిన మనిషైతే "తాలు అసలే లేదా?" అని అడుగుతాడు. ఏజెంట్‌కు ఆ పదేళ్లు లేవు. దాని చేతికి మనం ఏం రాసిచ్చామో అంతే దానికి తెలుసు.

ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ వాళ్లు 2025 జూన్‌లో తమ పరిశోధన ఏజెంట్ల గురించి రాసిన వ్యాసం అప్పుడే మళ్లీ చదివాను. ఏం కావాలి, ఏ రూపంలో కావాలి, ఏ పనిముట్లు వాడాలి, ఎక్కడ ఆగాలి అన్నవి కింది ఏజెంట్‌కు విడమరిచి చెప్పాలంటారు. ఇలా చాలా ఏజెంట్లను నడిపితే మామూలు చాట్ కంటే దాదాపు 15 రెట్లు టోకెన్లు (ఏఐ చదివే, రాసే మాటల ముక్కలు) ఖర్చవుతాయనీ అందులోనే ఉంది. అది చూసి మెసేజ్ రాసే ఏజెంట్‌ను తీసేశాను. ఖాళీలు నింపే ఒక నమూనా చాలు, దానికి తెలివి అక్కర్లేదు.

దారి చూపింది మాత్రం పాత సంగతి. మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారు 1970లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఉండగా అక్కడ హియర్‌సే-2 అని మాటను గుర్తుపట్టే వ్యవస్థ తయారైంది. ధ్వనులు చూసే భాగం, పదాలు చూసే భాగం, వాక్యం చూసే భాగం దేనికదే. అవి ఒకదాని చెవిలో ఒకటి చెప్పుకోవు. అందరికీ కనబడే ఒక బోర్డు మీద ఎవరి ఊహ వాళ్లు రాస్తారు, మిగతావాళ్లు దాన్ని చూసి తమది సరిచేసుకుంటారు. ఏజెంట్ అన్న మాట ఇంతగా వాడుకలోకి రాకముందే ఆలోచించిన పద్ధతి! చదువుతుంటే ఒళ్లు పులకరించింది.

నేనూ ఒక ఉమ్మడి పట్టీ పెట్టాను. చీటీలోని ప్రతి వరసా ఉన్నదున్నట్టు అందులోకి వస్తుంది, కుదించే హక్కు పెద్ద ఏజెంట్‌కు లేదు. లెక్కలో పాలుపంచుకోని ఒక తనిఖీ ఏజెంట్‌ను కూడా పెట్టాను. అది ఫోటోనూ పట్టీనీ పక్కపక్కన పెట్టి రకం వారీగా టిక్కీలు సరిపోయాయో లేదో చూస్తుంది. అంకె స్పష్టంగా లేకపోతే ఊహించకుండా ఆగి నాన్నను అడగమని రాశాను.

సీజన్ చివర్లో ఒక రాత్రి అలాగే ఆగింది. "నాలుగో వరసలో 1 ఆ, 7 ఆ?" నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఫోటో పెద్దది చేసి చూసి, గుమస్తా గారికి ఫోన్ కలిపాడు. ఏడే.