ఇంటి దగ్గర హాస్పిస్: నర్సు వెళ్లిపోయాక మిగిలే ఇరవై మూడు గంటలు

హాస్పిస్ అంటే, ఇక నయం కాని జబ్బుతో చివరి నెలల్లో ఉన్నవాళ్లకు బాధ తగ్గించే సేవ. అమెరికాలో హాస్పిస్ నర్సుగా ఇళ్లకు తిరిగేవాళ్లు తెలుగు కుటుంబాలకు మొదటి రోజే తేల్చి చెప్పాల్సిన మాట ఒకటుంది: మేం మీ ఇంట్లో ఉండిపోం. "హాస్పిస్ పెట్టించాం, ఇక అంతా వాళ్లే చూసుకుంటారు" అని చాలామంది అనుకుంటారు. మామూలు రోజుల్లో నర్సు వారానికి ఒకటి రెండు సార్లు వచ్చి ఓ గంట ఉంటారు. ఒళ్లు తుడిచి స్నానం చేయించే ఎయిడ్ కూడా వారంలో కొన్ని రోజులే వస్తారు. మిగతా సమయమంతా మంచం పక్కన ఉండేది కూతురో, కోడలో, ఇంగ్లిష్ రాని పెద్దావిడో. అందుకే ఈ ఉద్యోగంలో వైద్యం ఎంతో, నేర్పడం అంత. అర్ధరాత్రి రెండింటికి ఏం చెయ్యాలో ఆ ఇంట్లో ఒక్కరికైనా చేతికి వచ్చేలా నేర్పకుండా వచ్చేస్తే మందుల పెట్టె ఇచ్చి ఏం లాభం?

ముందు నిబంధనల సంగతి. మెడికేర్‌లో, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాలో, ఈ సదుపాయం 1982 చట్టంతో వచ్చింది. జబ్బు తన దారిన తాను సాగితే ఆరు నెలలకు మించి బతకకపోవచ్చని ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరించాలి. ఆరు నెలలు దాటినా బతికుంటే వెళ్లగొడతారన్న భయం అక్కర్లేదు. మొదట 90 రోజుల విడతలు రెండు, ఆ తర్వాత 60 రోజుల విడతలు ఎన్నైనా ఉంటాయి. మూడో విడత నుంచి ప్రతిసారీ ముందుగా హాస్పిస్ డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో రోగిని ముఖాముఖి చూడాలి. ఆ జబ్బుకు సంబంధించిన మందులు, మంచం, ఆక్సిజన్, డయాపర్లు హాస్పిసే పంపుతుంది. మనసు మారితే ఎప్పుడైనా సంతకం పెట్టి బయటికి రావచ్చు. చేరడానికి డీఎన్ఆర్, అంటే గుండె ఆగితే మళ్లీ కొట్టించే ప్రయత్నం వద్దని రాసిన కాగితం, తప్పనిసరి కాదు. చూసుకునేవాళ్లు అలసిపోతే రోగిని వరుసగా అయిదు రోజుల వరకు నర్సింగ్ హోమ్ లాంటి చోట ఉంచే రెస్పిట్ కూడా ఉంది. మనవాళ్లు దీన్ని దాదాపు అడగరు. అడగండి, నిద్ర లేని మనిషి చేతిలో మోతాదులు తప్పుతాయి.

మన దగ్గర ఎక్కువగా చిక్కు వచ్చేది గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు. పిల్లలు ఎన్నేళ్లు పన్నులు కట్టినా ఆ లెక్క అమ్మానాన్నలకు రాదు. 65 నిండి, ఇక్కడ వరుసగా అయిదేళ్లు నివాసం ఉంటే ప్రీమియం కట్టి, మెడికేర్‌లో హాస్పిస్ ఖర్చు భరించే భాగమైన పార్ట్ ఏ కొనుక్కోవచ్చు. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లకు మెడికేర్ లేదు. అయినా ఫోన్ పెట్టేయకుండా హాస్పిస్ సోషల్ వర్కర్‌తో మాట్లాడాలి. లాభాపేక్ష లేని హాస్పిస్‌లలో చాలావాటికి విరాళాల నిధి ఉంటుంది.

"నాన్నకు క్యాన్సర్ అని చెప్పకండి, హాస్పిస్ అన్న మాట ఎత్తకండి" అని గుమ్మం దగ్గరే ఆపేసే పిల్లలు ఉంటారు. కొత్తగా ఈ పనిలో చేరిన తెలుగు నర్సులు ఇక్కడే నలిగిపోతారు. ఆ పిల్లలతో వాదన పెట్టుకోవద్దు, అలాగని ఆ పెద్దాయనకు అబద్ధమూ చెప్పొద్దు. ఆయన్నే అడగాలి: "బాబాయిగారూ, మీ ఆరోగ్యం గురించిన సంగతులు మీకే చెప్పమంటారా, మీ అబ్బాయితో మాట్లాడమంటారా?" "వాడితోనే మాట్లాడమ్మా" అంటే అది ఆయన నిర్ణయం, అదే మాటల్లో చార్టులో రాయాలి. "నాకు తెలుసులేమ్మా, పిల్లలు భయపడతారని ఊరుకున్నా" అనేవాళ్లూ తక్కువేం కాదు. ఈ సంభాషణకు కొడుకును దుబాసీగా పెట్టకూడదు. తెలుగు రాని నర్సు అయితే ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ను పిలవాలి, ఆ ఖర్చు హాస్పిస్‌దే.

ఇక మందుల పెట్టె. కంఫర్ట్ కిట్ అంటారు. సాధారణంగా మార్ఫిన్ ద్రవం, ఆందోళనకు లోరాజెపామ్, కలవరింతకూ వాంతులకూ హాలోపెరిడాల్, గొంతులో గురగురకు అట్రోపిన్ చుక్కలు, మలబద్ధకానికీ జ్వరానికీ వెనక నుంచి పెట్టే మాత్రలు ఉంటాయి. ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు మార్ఫిన్ దగ్గర జరుగుతుంది. సీసాలో ఉండేది గాఢమైన ద్రవం, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు. డాక్టరు 5 మిల్లీగ్రాములని రాస్తే అది 0.25 మిల్లీలీటరు. "అయిదు" అన్న అంకె ఒక్కటే గుర్తుపెట్టుకుని 5 మిల్లీలీటర్లు పోస్తే 100 మిల్లీగ్రాములు, అంటే ఇరవై రెట్లు. అందుకని ఇంట్లో మిల్లీగ్రాముల మాటే ఎత్తొద్దు. ఒక మిల్లీలీటరు సిరంజి తీసుకుని, వాళ్ల మోతాదు గీత దగ్గర రంగు టేపు చుట్టి, "ఇక్కడి వరకే" అని చూపించాలి. నర్సు ముందే వాళ్ల చేత రెండుసార్లు తీయించాలి. మోతాదు మారిన రోజు పాత టేపు పీకేసి కొత్తది చుట్టడం మరిచిపోకూడదు.

తల కాస్త ఎత్తులో పెట్టి, బుగ్గ సందున మెల్లగా వదిలితే చాలు. మింగలేకపోయినా, స్పృహ లేకపోయినా ఇవ్వవచ్చు. నోట్‌బుక్‌లో టైము, ఎంత, ఎందుకు అని మూడు గడులు గీసి రాయించాలి. నర్సు మోతాదు పెంచాలా వద్దా అని చూసేది ఆ పుస్తకమే. "మార్ఫిన్ ఇచ్చాకే పోయారు" అన్న మాట చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. చివరి రోజుల్లో నాలుగు గంటలకోసారి మందు పడుతున్న మనిషికి ఏదో ఒక మోతాదు ఆఖరిదవుతుంది. చంపింది జబ్బు. ఎగఊపిరి తగ్గించడానికి చెప్పిన కొలతలో ఇచ్చిన మందు కాదు. ఈ సంగతి ముందే, ఇంకా మనిషి మాట్లాడుతున్నప్పుడే కుటుంబానికి చెప్పాలి. పోయాక చెబితే ఓదార్పులా వినిపిస్తుంది తప్ప నమ్మరు.

మార్ఫిన్ మొదలైన రోజే విరేచనానికి సెన్నా మొదలుపెట్టాలి. మూడు రోజులు విరేచనం కాకపోతే ఫోన్ చెయ్యాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో మార్ఫిన్ వ్యర్థాలు ఒంట్లో పేరుకుని చేతులు కాళ్లు ఉలిక్కిపడ్డట్టు అదురుతాయి. అది నొప్పి అనుకుని ఇంకా మార్ఫిన్ పోస్తే అదురు పెరుగుతుంది. అప్పుడు మందు మార్చాలి, కాబట్టి వెంటనే నర్సుకు చెప్పాలి. అట్రోపిన్ సీసా మీద కంటి చుక్కలని రాసి ఉంటుంది, దాంతో కళ్లలో వేసేవాళ్లున్నారు. అవి వేయాల్సింది నాలుక కింద. మందు తెరిచిన రోజే సీసాకు తెలుగులో "నాలుక కింద" అని చీటీ అంటిస్తే ఆ గొడవ ఉండదు.

తిండి విషయంలో గొడవపడని తెలుగు ఇల్లు లేదేమో. "తినకపోతే నీరసం రాదా? రెండు ముద్దలు పెట్టనివ్వండి." తినకపోవడం వల్ల చావు దగ్గరపడటం లేదు, శరీరం ఆగిపోతోంది కాబట్టి ఆకలి పోయింది. బలవంతంగా పెట్టిన ముద్ద పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పూర్తి మెలకువలో ఉండి, నిటారుగా కూర్చుని, అడిగితేనే పెట్టాలి. దగ్గినా, గొంతు తడిగా పలికినా ఆపేయాలి. పెట్టకుండా ఉండలేని అమ్మకు చేతినిండా వేరే పని ఇవ్వాలి: స్పాంజి పుల్ల నీళ్లలో ముంచి, పిండి, గంట రెండు గంటలకోసారి నోరంతా తుడవడం. ఆఖరి క్షణాల్లో తులసి తీర్థం పోయాలన్నా ఇదే పద్ధతి. చెంచాతో పోస్తే గొంతులో నిలుస్తుంది. స్పాంజి ముంచి కింది పెదవి లోపల తాకిస్తే సంప్రదాయం తీరుతుంది, మనిషికీ ఊపిరాడుతుంది. ఆక్సిజన్ పెట్టి ఉంటే పెదవులకు వాసెలిన్ రాయొద్దు, నీటితో చేసిన జెల్ వాడాలి. తల దగ్గర దీపం సంగతి అంతకన్నా ముఖ్యం. ఆక్సిజన్ ఇచ్చే యంత్రం (కాన్సంట్రేటర్) నడుస్తుంటే దుప్పట్లు, దిండ్లలో ఆక్సిజన్ పేరుకుని ఉంటుంది, నిప్పురవ్వ చాలు. దీపం పక్క గదిలో పెట్టండి, మంచం దగ్గర బ్యాటరీ దీపం పెట్టండి.

రెండు గంటలకోసారి పక్క మార్చాలి. చేతులు పట్టి లాగితే చర్మం ఒరుసుకుపోతుంది, అందుకే నడుము కింద అడ్డంగా మడతపెట్టిన దుప్పటి వేసి ఇద్దరు పట్టుకుని జరపాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి.

ఉన్నట్టుండి మంచం దిగిపోతానని పెనుగులాడటం, దుప్పటి పీకడం మొదలైతే వెంటనే లోరాజెపామ్ అందుకోకండి. ముందు పొత్తికడుపు చూడండి. ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, బొడ్డు కింద గట్టిగా ఉబ్బి ఉన్నా ఫోన్ చెయ్యండి. మూత్రం బిగిసిన బాధను చెప్పుకోలేక మనిషి అలా అవుతారు. నర్సు వచ్చి మూత్రం బయటికి తీసే గొట్టం (కాథెటర్) వేస్తే పావుగంటలో ప్రశాంతంగా పడుకున్నవాళ్లను ఈ పనిలో తరచూ చూస్తాం.

ఫోన్ అంటే హాస్పిస్ నంబరుకే. కంగారులో ఎమర్జెన్సీ నంబరు 911 కొడితే, డీఎన్ఆర్ కాగితమో పోల్స్ట్ కాగితమో (ఏ వైద్యం కావాలో ఏది వద్దో డాక్టరు ఆదేశంగా రాసింది) కళ్లెదుట లేకపోతే అంబులెన్సువాళ్లు ఛాతీ అదమడం మొదలుపెడతారు, అది వాళ్ల విధి. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి పెట్టండి. పిల్లలు ఆఫీసులకు పోయాక అమ్మ ఒక్కతే ఉండే ఇళ్లలో హాస్పిస్ నంబరు పెద్ద అంకెలతో రాసి, దాని కింద తెలుగు అక్షరాల్లో "మై హజ్బెండ్ హాస్పిస్ పేషెంట్, తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అని రాసి గోడకు పెట్టాలి. నర్సు ఉన్నప్పుడే ఆవిడ చేత ఒకసారి ఫోన్ చేయించాలి. మొదటిసారి చెయ్యడం ఆపదలో కాకూడదు.

గుండెకు షాక్ ఇచ్చే పరికరం, ఐసీడీ, ఉన్నవాళ్ల విషయం చేరిన వారంలోనే తేల్చుకోవాలి. దాన్ని ఆపించకపోతే చనిపోయే వేళ షాకులు కొడుతూ ఉండవచ్చు. అది చూసినవాళ్లు మరిచిపోలేరు. పేస్‌మేకర్ ఉంటే దహనానికి ముందు తీయాలి, లోపల బ్యాటరీ పేలుతుంది. ఫ్యూనరల్ హోమ్‌కు మొదటి ఫోన్‌లోనే చెప్పండి.

ఊపిరి ఆగాక తొందరేం లేదు. టైము చూసి రాసుకుని హాస్పిస్‌కు ఫోన్ చేస్తే నర్సు వస్తారు. చాలా రాష్ట్రాల్లో మరణాన్ని నిర్ధారించేది నర్సే. ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం మీరు చెయ్యాలనుకుంటే చెప్పండి, కలిసి చేస్తారు. మిగిలిన మార్ఫిన్‌ను హాస్పిస్ సిబ్బంది ఇంట్లోనే పారబోయడానికి 2018 నుంచి ఫెడరల్ చట్టం వీలు కల్పించింది. వాడేసిన కాఫీపొడిలోనో పిల్లి ఇసుకలోనో కలిపేస్తారు, సాక్షిగా మీ సంతకం తీసుకుంటారు. ఎంత మిగిలిందో మీ నోట్‌బుక్ లెక్కతో సరిపోవాలి.

ఆ తర్వాత ఏడాది వరకు హాస్పిస్ నుంచి ఉత్తరాలు, ఫోన్లు వస్తాయి. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఆ తోడు ఇవ్వడం మెడికేర్ వాళ్ల మీద పెట్టిన బాధ్యత, మీకు బిల్లు రాదు. తెలియని నంబరని మనవాళ్లు ఎత్తరు. ఎత్తండి. ముఖ్యంగా ఆ ఇంట్లో భర్త పోయి ఒంటరిగా మిగిలిన పెద్దావిడ ఉంటే, ఇంటర్‌ప్రెటర్‌తో ఆవిడకే చెయ్యమని నర్సుకు ఆ రోజే చెప్పి రాయించండి.