పత్రిక వెబ్‌సైటు బాధ్యతను ఎవరికి అప్పగించాలి?

ఒక తెలుగు సాహిత్య త్రైమాసిక పత్రికకు సాంకేతిక విషయాల్లో కొన్నేళ్లుగా తోడ్పడుతున్నాను. పాత సంచికలన్నిటినీ చేర్చి కొత్త వెబ్‌సైటు కట్టించుకోవాలని సంపాదకవర్గం నిర్ణయించినప్పుడు, కొటేషన్లు తెప్పించి, చదివి, ఎవరికి అప్పగిస్తే మంచిదో చెప్పే పనిని నాకే ఒప్పజెప్పారు. వచ్చిన ప్రతిపాదనలు చాలామటుకు ఒకే కోవలో ఉన్నాయి. పత్రిక అవసరాలకు తగినట్టు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను, అంటే రచనలను సైటులో చేర్చి, సరిదిద్ది, ప్రచురించే సాఫ్ట్‌వేర్‌ను, సంస్థే తయారుచేస్తుంది, తన ఏర్పాటులోని సర్వర్ల మీదే దాన్ని ఉంచి నడుపుతుంది, భద్రతకు సంబంధించిన అప్‌డేట్లూ బ్యాకప్పులూ తానే చూసుకుంటుంది, మనం ఏడాదికోసారి రుసుము చెల్లిస్తాం. సర్వరు నడిపే తీరికా నైపుణ్యమూ లేని చిన్న సంస్థలకు ఇది నిజంగా మేలైన ఏర్పాటు. కానీ ఇలాంటి సేవను ఎంచుకునేటప్పుడు, అది మనకు ఏమేం చేసిపెడుతుందో చూసేకంటే ముందు, దాన్ని వదులుకోవలసిన రోజు వస్తే మన చేతిలో ఏం మిగులుతుందో తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ఆ రోజు రావడానికి ఎవరో మోసం చేయనక్కరలేదు. సాఫ్ట్‌వేర్ ఆయుష్షు రచనల ఆయుష్షు కంటే చాలా తక్కువ. అలాంటి సిస్టమ్‌లలో ఒకటైన ద్రుపాల్‌లో 2011 జనవరిలో విడుదలైన 7వ రూపానికి 2025 జనవరి 5న అధికారిక మద్దతు ముగిసింది. పద్నాలుగేళ్లంటే ఈ రంగంలో దీర్ఘాయుష్షే. అయినా దాని మీద కట్టిన సైట్లను తర్వాతి రూపానికి తేవడం మామూలు అప్‌డేట్‌తో అయ్యే పని కాదు, దాదాపు మళ్లీ కట్టుకోవలసిందే. పెద్ద సంస్థల నీడన ఉన్నంత మాత్రాన ఈ చిక్కు తప్పదని 2024 సెప్టెంబరులో చూశాం. అదే కోవకు చెందిన వర్డ్‌ప్రెస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన మాట్ ముల్లెన్‌వెగ్‌కూ, వర్డ్‌ప్రెస్ సైట్లను నిర్వహించిపెట్టే డబ్ల్యూపీ ఇంజిన్ సంస్థకూ మధ్య వివాదం ముదిరి, ప్లగిన్లు (అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములు), థీములు (సైటు రూపురేఖలు) అందించే వర్డ్‌ప్రెస్.ఆర్గ్ సర్వర్ల ద్వారం ఆ సంస్థకు మూసుకుపోయింది. ఆ గొడవతో ఏ సంబంధమూ లేని ఖాతాదారులు తమ ప్లగిన్లనూ థీములనూ ఎప్పటిలా అప్‌డేట్ చేసుకోలేకపోయారు. డిసెంబరులో అమెరికాలోని ఫెడరల్ కోర్టు ఆదేశించాక గానీ ఆ ద్వారం పూర్తిగా తెరుచుకోలేదు.

ఇక ప్రత్యేకంగా కట్టించుకోవాలా, అందరూ వాడే వర్డ్‌ప్రెస్‌తో సరిపెట్టుకోవాలా అన్న ప్రశ్న. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ మీద ఈనాడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో ఐదింట రెండు వంతులకు పైగా నడుస్తున్నాయి కనుక, అది తెలిసినవాళ్లు హైదరాబాదులోనే కాదు, చిన్న పట్టణాల్లో కూడా దొరుకుతారు. అయితే పత్రికకు సంచిక, శీర్షిక, రచయిత, ధారావాహిక, అనువాదకుడు అనే వేర్వేరు అంశాలు, వాటి మధ్య సంబంధాలు కావాలి. ఒక రచయిత పేరు నొక్కితే ఆయన రాసినవీ, ఆయన మీద వచ్చిన వ్యాసాలూ విడివిడిగా కనిపించాలి. ప్లగిన్లు పేర్చి దీన్ని సాధించవచ్చు గానీ, ఒక్కో ప్లగిన్ వెనుక ఒక్కో తెలియని వ్యక్తి ఉంటాడు, అతను ఎప్పుడు మానేస్తాడో మనకు తెలియదు. అందుకని ప్రత్యేక నిర్మాణం వైపే నేను మొగ్గాను. కానీ ఆ సంస్థ ఇంటి గుట్టుగా దాచుకున్న సొంత సిస్టమ్ మీద కాకుండా, ద్రుపాల్ గానీ, పైథాన్ భాషలో రాసిన వాగ్‌టెయిల్ గానీ, అలాంటి ఏదో ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరూ చదివి వాడుకోగల) పునాది మీద కట్టినదై ఉండాలని షరతు పెట్టాను. పునాది పదిమందికీ తెలిసినదైతే, కట్టినవాళ్లు వెళ్లిపోయినా మరొకరు వచ్చి చదివి అర్థం చేసుకోగలరు.

తెలుగు పత్రికకు అసలు పరీక్ష ఎదురయ్యేది అక్షరాల దగ్గరే. చాలా పత్రికల మాదిరిగానే మా పాత సంచికలు కూడా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. వాటిని అన్ని పరికరాలూ ఒకేలా చదవగల యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు చెదిరిపోతాయి, అరసున్నలు మాయమవుతాయి. ఒక్కో పేజీనీ మనిషి కూర్చుని అచ్చుప్రతితో సరిచూడాలి. అలా సరిదిద్దిన పాఠం విలువ వెబ్‌సైటు మొత్తం ఖర్చు కంటే ఎక్కువ. ఆ పాఠం సంస్థ డేటాబేసులో మాత్రమే ఉండిపోతే అది మనదై కూడా మనది కాదు. డేటాబేసు ప్రతి ఇస్తామని అందరూ చెబుతారు. ప్రత్యేకంగా కట్టిన సిస్టమ్‌లో ఏ పట్టికలో ఏముందో వివరించే పత్రం లేకుండా ఆ ప్రతి ఒక్కటే చేతికొస్తే, విప్పి చదవడానికి మళ్లీ వాళ్లనే పిలవాలి. అందుకే ఒక్కో రచన ఒక్కో మామూలు హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీ) ఫైలుగా, యూనికోడ్ పాఠాన్ని భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో, పైన రచయిత పేరు, సంచిక, తేదీతో సహా బయటికి రావాలనీ, ఆ బొత్తం మా అడ్మిన్ ప్యానెల్‌లోనే ఉండాలనీ అడిగాను.

లింకుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషు సైట్లు కట్టి అలవాటైనవాళ్లకు ఇది తట్టదు. తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది. వెబ్ చిరునామాలోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులవుతుంది, అంటే సంకేతానికి తొమ్మిది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలున్నాయి, చిరునామాలో అది 54 గుర్తులు. వర్డ్‌ప్రెస్‌లో రచన చిరునామాకు కేటాయించిన చోటు 200 గుర్తులే కనుక, తెలుగు శీర్షిక సుమారు 22 సంకేతాల దగ్గర తెగిపోతుంది. పాత సైటులో అలా తెగిన చిరునామాలతోనే ఎందరో తమ వ్యాసాల్లో, వికీపీడియా పేజీల్లో మన రచనలను ఉటంకించి ఉంటారు. కొత్త సైటు వచ్చాక ఆ పాత చిరునామాలన్నీ సరైన రచనకు శాశ్వతంగా దారి మళ్లాలి. ఏ పాత చిరునామా ఏ కొత్త చిరునామాకు వెళ్తుందో చెప్పే ఆ జతల జాబితా మన దగ్గరే ఒక పట్టికగా ఉండాలి. వెతుకులాట విషయంలోనూ ఇంతే. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటను కంటికి కనిపించని విడదీత గుర్తుతో కొందరు టైపు చేస్తారు, లేకుండా కొందరు చేస్తారు. యంత్రానికి ఆ రెండూ వేర్వేరు మాటలు. రెండు రకాలుగా వెతికినా ఒకే ఫలితం వస్తుందో లేదో డెమోలో నా కళ్లెదుట చూపించమన్నాను. చూపించగలిగినవాళ్ల మీద గౌరవం పెరిగింది.

చట్టం సంగతి చాలామంది పట్టించుకోరు. డబ్బు మనం ఇచ్చాం కనుక కోడ్ మనదేనని అనుకుంటాం. మన దేశపు 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రాము సాహిత్య రచనగా లెక్కకు వస్తుంది. దానికి మొదటి హక్కుదారు రాసినవారే. ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే యజమానికి చెందుతుంది గానీ, బయటి సంస్థ చేత రాయించుకుంటే అది దానంతటదే మనకు సంక్రమించదు. హక్కును రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ చేయాలి. ఆ పత్రంలో వ్యవధి రాయకపోతే ఐదేళ్లకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని 19వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి పునాదిగా వాడిన ఓపెన్ సోర్స్ భాగాన్ని మినహాయించి, మన కోసమే రాసిన భాగం మీద హక్కు పూర్తి వ్యవధికి, ప్రపంచమంతటికీ బదిలీ అవుతుందని రాయించుకోవాలి. బదిలీకి ఒప్పుకోని సంస్థ నుంచి కనీసం రద్దు చేయడానికి వీల్లేని వినియోగ అనుమతి తీసుకోవాలి. డొమైను మాత్రం బేరానికి తావులేనిది. అది పత్రిక పేరుమీద, పత్రిక ఈమెయిలుతో, పత్రిక ఫోను నంబరుతోనే రిజిస్టరై ఉండాలి.

హోస్టింగు గురించి కొటేషన్లలో పేజీలకు పేజీలు రాస్తారు. 99.9 శాతం సమయం అందుబాటులో ఉంటామన్న హామీకి అర్థం ఏడాదిలో ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాల వరకు ఆగిపోవచ్చనే. మూడు నెలలకొక సంచిక తెచ్చే పత్రికకు అది పెద్ద లోటు కాదు, ఆ శాతాన్ని పెంచడానికి అదనంగా చెల్లించడం దండగ. బ్యాకప్పుల దగ్గర మాత్రం రాజీ పడకూడదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు భవనం ఒకటి అగ్నికి ఆహుతైనప్పుడు, బ్యాకప్పులు కూడా అక్కడే ఉంచినవాళ్లు రెంటినీ పోగొట్టుకున్నారు. సైటు ముంబయిలో ఉంటే బ్యాకప్పు మరో నగరంలో, వీలైతే మరో సంస్థ దగ్గర, మన సొంత ఖాతాలో ఉండాలి. చందాదారుల వివరాలు ఉంచే సైటైతే, సైబర్ ఘటనను గమనించిన ఆరు గంటల్లోగా తనకు తెలియజేయాలంటూ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఇచ్చిన ఆదేశం ఆ సంస్థకు తెలుసో లేదో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

‘నిర్వహణ’ అన్న పద్దు కింద ఏమేం వస్తాయో విడమరిచి రాయించుకోవాలి. ద్రుపాల్, వర్డ్‌ప్రెస్‌లను రాసిన భాష పీహెచ్‌పీలో 7.4 రూపానికి భద్రతా మద్దతు 2022 నవంబరులోనే ముగిసింది. ఇలాంటప్పుడు కొత్త రూపానికి మార్చడం వార్షిక రుసుములో భాగమా, వేరే బిల్లా అన్నది ముందే తెలియాలి. మొదటి ఏడాది తగ్గింపు ధర కాకుండా, రెన్యువల్ ధరను 18 శాతం జీఎస్టీతో కలిపి మూడేళ్లకు లెక్కవేసి పోల్చితే కొటేషన్ల వరుస తారుమారవుతుంది.

చివరికి అన్నిటికంటే తక్కువ ధర కాని ఒక చిన్న సంస్థను సిఫారసు చేశాను. వాళ్ల డెమో అందరికంటే సాదాగా ఉంది. కానీ నేను పెట్టిన ఒక షరతును చర్చలేకుండా ఒప్పుకున్నది వాళ్లే. ఆఖరి వాయిదా చెల్లించే ముందు, ఆ సంస్థతో సంబంధం లేని ఒక డెవలపరు, పత్రిక ఖాతాలో ఉంచిన కోడ్‌నూ బ్యాకప్పునూ తీసుకుని, వాళ్ల సాయం అడగకుండా, వేరే సర్వరు మీద సైటును నిలబెట్టి చూపించాలి. ఏడాదికొకసారి, రుసుము చెల్లించే నెలకు ముందు నెలలో, అదే పని మళ్లీ చేయాలి. ఆ డెవలపరు ఫీజును కూడా బడ్జెట్‌లో విడిగా చేర్చమని సంపాదకవర్గాన్ని కోరాను.