నాన్నకు పక్షవాతం: సరైన ఆసుపత్రికి ఎలా చేరాం

పల్నాడులో మా ఊరు. పొద్దున్నే నాన్న చేతిలోంచి టీ గ్లాసు జారింది. చూస్తే మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. వెంటనే 108కి ఫోన్ చేశాను. ఈలోపు ఇంటి ముందు జనం పోగయ్యారు. నాటు మందు ఇప్పిద్దామని ఒకరు, బీపీ బిళ్ల వేయమని ఇంకొకరు. అమ్మ మంచినీళ్లు కూడా పోయనివ్వలేదు. అదే మంచిదైంది. అప్పుడు మింగుడు పడక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

అంబులెన్స్‌లో వచ్చిన ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుడు) కుర్రాడు వస్తూనే అడిగాడు: "చివరిసారి మామూలుగా ఎప్పుడున్నారమ్మా?" ఆరింటికి గేదె పాలు పితికి తెచ్చారని అమ్మ చెప్పింది. ఆ టైమ్ రాసుకున్నాడు. మెదడు రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడితే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. మనిషి బాగా ఉండగా చివరిసారి చూసిన టైమ్ నుంచే ఆ లెక్క. నిద్రలో వస్తే పడుకున్న టైమ్ నుంచి లెక్కేస్తారు. తర్వాత వేలి మీద షుగర్ చూశాడు. షుగర్ బాగా పడిపోయినా ఇలాంటి లక్షణాలే వస్తాయట.

మండల కేంద్రంలో ఆసుపత్రి దగ్గరే, కానీ అక్కడ సీటీ స్కాన్ లేదు. స్కాన్ తీస్తే గానీ అది గడ్డో రక్తస్రావమో తెలియదు. రక్తస్రావమైతే ఆ ఇంజెక్షనే ప్రాణం మీదికి తెస్తుంది. ఈఎంటీ కాల్ సెంటర్ డాక్టరుతో మాట్లాడి గుంటూరు వెళ్దామన్నాడు. "దగ్గర్లోది వదిలేసి అంత దూరమా?" అని మామయ్య కోప్పడ్డారు. నాకూ టెన్షనే. అయినా ఇక్కడ దింపితే చీటీ రాసి మళ్లీ గుంటూరుకే పంపుతారు. పైలట్‌ను, అంటే అంబులెన్స్ డ్రైవర్‌ను, పోనివ్వమన్నాను.

దారిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఫోన్ చేసి, స్కాన్ పనిచేస్తోందా, న్యూరాలజిస్టు ఉన్నారా అని అడిగితే "తీసుకురండి, చూద్దాం" అన్నారు. ఇంకో చోట డ్యూటీ డాక్టరే లైన్లోకి వచ్చి, రక్తం పలచబడే బిళ్లలు వాడుతున్నారా అని అడిగారు. అక్కడికే వెళ్లాం. ఏ ఆసుపత్రిలో ఆ క్షణాన స్కాన్ నడుస్తోందో, ఎవరు డ్యూటీలో ఉన్నారో అంబులెన్స్‌లోనే తెలియాలి. ప్రాణం మీదికొచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని ఇంటివాళ్లు ఫోన్లు తిప్పుకునే పరిస్థితి ఉండకూడదు.

వెళ్లేసరికి స్ట్రెచర్ సిద్ధంగా ఉంది, నేరుగా స్కాన్‌కే తీసుకెళ్లారు. నేను ప్రభుత్వ ఆరోగ్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కార్డు చూపిస్తుండగానే లోపల వైద్యం మొదలైంది. గడ్డేనని తేలింది, గడువులోపే ఇంజెక్షన్ పడింది.

నాన్న ఇప్పుడు నడుస్తున్నారు, మాట స్పష్టంగానే ఉంది. కుడి చేతి వేళ్లు ఇంకా పూర్తిగా ముడవలేకపోతున్నారు, ఫిజియోథెరపీ చేయిస్తున్నాం.