సింహాచలం కొండ మీద టెస్ట్ డ్రైవ్

పదకొండేళ్ల ఆల్టో ఇచ్చేసి బ్రెజ్జా తీసుకుందామనుకోగానే ఇంట్లో గేర్ల గొడవ మొదలైంది. మా ఆవిడ ఆటోమేటిక్ అంది. నేను మాన్యువల్ అన్నాను. రెండింటికీ లక్షకు పైగా తేడా ఉంది మరి. క్లచ్ తొక్కే ఎడమ కాలికి పని లేకపోతే నాకు తోచదు, అదింకో సంగతి.

షోరూమ్ అబ్బాయి నా లైసెన్స్ ఫొటో తీసుకుని, హైవే మీద ఓ రౌండ్ వేసి వచ్చేద్దాం అన్నాడు. విశాఖ హైవే మీద ఏ బండైనా బాగానే పోతుంది. "మేం నెలకోసారి సింహాచలం వెళ్తాం బాబూ, కొండెక్కిద్దాం" అన్నాను. ఎవరికో ఫోన్ చేసి సరేనన్నాడు. అమ్మనీ, మా ఆవిడనీ వెనక కూర్చోబెట్టి ఏసీ వేశాను. రేపు మేం తిరిగేది అలాగే కదా!

ముందు సీటు సరిచేసుకున్నాను. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. లేకపోతే ట్రాఫిక్‌లో పిక్కలు పట్టేస్తాయి.

మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే బండి ఆఫ్ అయిపోయింది. మా ఆల్టోలో అరిగిన క్లచ్ బాగా పైకి వచ్చాక గానీ పట్టదు. ఇది కొంచెం వదలగానే పట్టేసింది. సందులోకి తిప్పి, యాక్సిలరేటర్ ముట్టకుండా ఫస్ట్ గేర్‌లో క్లచ్ మెల్లగా వదులుతూ బండి ఎక్కడ కదులుతోందో నాలుగైదుసార్లు చూసుకున్నాను. టెస్ట్ డ్రైవ్‌లో అందరూ స్పీడే చూస్తారు గానీ, నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ సందులో గడిపిన ఐదు నిమిషాలే.

కొండ మీద ఒక మలుపులో ముందు బస్సు ఆగింది. వెనక ఆటో ఆనుకుని వచ్చేసింది. "బ్రేక్ వదిలేయండి సార్, హిల్ హోల్డ్ ఉంది, వెనక్కి పోదు" అన్నాడు షోరూమ్ అబ్బాయి. నమ్మబుద్ధి కాలేదు. పాత పద్ధతిలో హ్యాండ్‌బ్రేక్ లాగి కదిలించాను. తర్వాతి మలుపులో ధైర్యం చేశాను. బండి రెండు సెకన్లు అలాగే నిలబడింది. ఈలోగా క్లచ్ పట్టుకుంది.

ఇంజన్ 1462 సీసీ, గాలిని ఒత్తి పంపి బలం పెంచే టర్బో లేదు. 137 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, 4400 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర అని కాగితంలో చదివి, అంతకంటే తక్కువ చుట్లలో లాగదేమో అని అనుమానపడ్డాను. నలుగురం ఉన్నా, ఏసీ ఉన్నా, సెకండ్‌లో 20 మీద మలుపులు తేలిగ్గా ఎక్కేసింది. థర్డ్‌లోనే బద్ధకంగా ఉంచేస్తే మాత్రం మూలిగింది. గేర్ దించాల్సిందే. దిగేటప్పుడు సెకండ్‌లోనే ఉంచితే బ్రేక్ మీద పెద్దగా పని పడలేదు. అబ్బాయి చెయ్యి మాత్రం దారంతా హ్యాండ్‌బ్రేక్ మీదే ఉంది, పాపం.

కింద చదునైన రోడ్డు మీద మా ఆవిడ నడిపింది. ఒక్కసారి కూడా ఆఫ్ చేయలేదు. దిగి తాళం ఇస్తూ, "బాగుంది తమ్ముడూ, ఆటోమేటిక్ ఎప్పుడు నడపనిస్తారు?" అంది.